పొయ్యి వెనక గోడ

నాయన సంతాప సభ కృష్ణగిరిలో పెట్టారు. సభ అనడం పెద్ద మాట. పాతపేటలో ఒక మేడ మీద ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఆనించిన ఫోటో, దండ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన హామ్ రేడియో మనుషులు కొందరు. వాళ్ళలో చాలామందికి నాయన ముఖం కంటే గొంతు ఎక్కువ తెలుసు. ఈయన ఇట్లా ఉండేవాడా అని ఒకాయన పక్కవాడిని అరవంలో అడగడం నాకు వినబడింది. ఒక్కొక్కరే లేచి కొంత అరవంలో, కొంత తెలుగులో మాట్లాడారు. ధర్మపురి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, బేరిగై సిగ్నల్ అంటే రాయి అన్నాడు. పొద్దున ఆయన గొంతు వినబడితే మేమందరం మా డయళ్ళు ఆయన మీద పెట్టి సరిచేసుకునేవాళ్ళం, నేను ఈ పొద్దుటి రేడియో నెట్‌లో చేరినప్పటి నుంచి ఆ సెట్ ఒక్కనాడూ పక్కకు జరగలేదు అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. నాకు తెలిసిన సెట్ ప్రతి పొద్దునా జరిగేది. అది జరిగినందుకే మా ఇంట్లో వంటిల్లు లేకుండా పోయింది.

మాది కర్ణాటక సరిహద్దులో, బేరిగై పక్కన పల్లె. నాయన రాగి, టమోటా, కొంత మల్బరీ పెట్టేవాడు. చదువు మధ్యలో ఆగిపోయినా చదవడం ఆగలేదు. ఎవరి దగ్గరో ఒక పాత రేడియో పుస్తకం సంపాదించి, దాన్ని పట్టుకుని ఏళ్ళు గడిపి, బెంగళూరుకు పోయి లైసెన్సు పరీక్ష రాసి వచ్చాడు. ఇంటి మీద రెండు వెదురు గడలకు అడ్డంగా రాగి తీగ కట్టిన రోజు, దండెం కట్టినావు, బట్టలు యాడప్పా అని దారిన పోయేవాళ్ళు అడిగారు. తర్వాత మా ఇంటికి దండెం ఇల్లు అనే పేరు వచ్చింది. ట్రాన్స్‌సీవర్ అంటే మాట్లాడే యంత్రం, వినే యంత్రం ఒకే పెట్టెలో ఉండటం. కొనే స్తోమత లేక కాదు, తన చేత్తో చేసుకోవాలని నాయన దాన్ని సొంతంగా తయారు చేశాడు. రేకు వంచడం నుంచి పైన అక్షరాలు రాయడం దాకా అంతా ఆయన చేతి పని. ఆ పెట్టెను తప్పు పట్టడం అంటే ఆయన్ను తప్పు పట్టడమే.

తప్పు మాత్రం ఉండేది. ఆ పెట్టెలో ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ మీద నిలవాలో నిర్ణయించేది అదే. ఒక కాయిలు, అంటే తీగ చుట్ట, తిప్పే కండెన్సరు, వాటికి తోడుగా వేలిగోరంత కెపాసిటర్లు. వాటిలో ఏది వేడెక్కి కొలత మారినా ఫ్రీక్వెన్సీ కొంచెం కొంచెంగా పక్కకు పోతుంది. మాట్లాడేవాడికి అది తెలియదు. వినేవాడికి గొంతు మారుతూ వస్తుంది, ముందు ముక్కు పట్టుకుని మాట్లాడినట్టు, తర్వాత బాతు అరిచినట్టు, చివరకు ఒక్క మాటా తెలియకుండా. పొద్దున్నే అందరూ ఒక ఫ్రీక్వెన్సీ మీద చేరి ఒకరినొకరు పలకరించుకోవడాన్ని నెట్ అంటారు. మా నెట్ నడిపేది కృష్ణగిరి నుంచి మునిరత్నం చిన్నాయన. నాయనకు రక్తబంధువు కాదు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం, నాయనకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు చిన్నాయన. నాయన మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికి స్పీకర్లో ఆయన గొంతు వచ్చేది. "అన్నా, మళ్ళా జరిగినారు. బేరిగైలో ఉండారా, కర్ణాటకకు పోయినారా?" వెనకాల ఇంకెవరో నవ్వేవాళ్ళు. నాయన నవ్వేవాడు కాదు.

అట్లా మా ఇంట్లో ఆ మాట ఒక్క అర్థానికే మిగిలింది. జరగడం అంటే కదలడం, జరగడం అంటే సంభవించడం. మిగతా ఇళ్ళలో రెండూ ఉండేవి. మా ఇంట్లో, నెట్ ముగియగానే వంటింట్లో నుంచి అమ్మ "జరిగిందా?" అని అడిగేది. "జరిగింది" అని ఇవతల నుంచి నాయన. ఆ జవాబు వచ్చిన రోజు సంగటి ముద్ద ఆయన ముందు పెట్టి అమ్మ మారు మాట్లాడకుండా వెనక్కి పోయేది. ఇంకేమైనా జరిగితే, ఆవు ఈనినా, ఎవరైనా పోయినా, సాయంత్రం దాకా ఆగి చెప్పేవాళ్ళం.

వంటింటికి, రేడియో బల్ల ఉన్న గదికి మధ్య ఒకటే మట్టి గోడ. అటు వైపు గోడకు ఆనుకుని పొయ్యి. మా వైపు చలి ఎక్కువ. మంచు పట్టే నెలల్లో మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, పొద్దున లేచి నేరుగా రేడియో గదిలోకి వచ్చి ఆ గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చునేది. అటు అమ్మ కట్టెలు ఎగదోసేకొద్దీ ఇటు గోడ వెచ్చబడేది. ముందు అవ్వ వీపు, దాని పక్కన పిల్లి, తర్వాత నేను. గోడ నుంచి కాలిన మట్టి వాసన, కొంచెం రాగి పిండి వాసన వచ్చేవి. సోల్డరింగ్ ఐరన్ కింద కరిగే సీసం వాసన వాటిలో కలిసేది. బల్ల మీద నాయన తన సెట్ పక్కన ఇంకొక పాత రేడియో పెట్టి, రెండూ కలిసే చోట ఒక ఈల వచ్చేట్టు చేసేవాడు. సెట్ కదలకపోతే ఈల ఒకే తీరుగా ఉంటుంది. కదిలితే ఈల సన్నబడుతుంది, లేదా లావవుతుంది. మా ఇంట్లో పొద్దున అంటే ఆ ఈల. ఒక తీరుగా మొదలై, అవ్వ ఒక వక్క నమిలేలోపల, మెల్లగా కిందికి దిగుతూ పోయేది. అది దిగుతున్నప్పుడు నాయన ముఖం చూడకుండా ఉండటం అందరం నేర్చుకున్నాం.

దానికోసం ఆయన చేయని పని లేదు. ముందు కరెంటును అనుమానించాడు. మా పల్లెలో లైటు వెలుతురు ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గుతుండేది కాబట్టి అది న్యాయమైన అనుమానమే. ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చి సెట్‌కు కట్టాడు. దున్నకం ఆగింది, ఈల మాత్రం దిగింది. తర్వాత కాయిలు. చుట్టలు వేడికి వదులవుతున్నాయేమో అని, జవళగిరి అడవి వైపు నుంచి తేనె అమ్మ వచ్చేవాళ్ళ దగ్గర మైనం అడిగి తీసుకుని, కరిగించి కాయిలు మీద పోశాడు. ఈల దిగింది. పెట్టె చుట్టూ థర్మకోల్ అతికించాడు. ఒక్కొక్క భాగం మీద నోటితో ఊదాడు, ఐస్ ముక్క కవర్లో చుట్టి పెట్టాడు, కాలిన ఐరన్ దగ్గరగా తెచ్చి తగలకుండా పట్టుకుని చెవి ఒగ్గి విన్నాడు. పద్ధతి సరైనదే. వేడి ఏ భాగాన్ని కదిలిస్తుందో పట్టాలంటే ఇప్పటికీ అట్లానే వెదుకుతారు. అయితే పైన కనిపించే భాగాలకే అదంతా చేశాడు. బోర్డు కింది వైపు అతికించిన వాటిని చూడాలంటే తను నెలల తరబడి కూర్చి బిగించినదంతా ఊడదీయాలి. దానికి మనసు రాలేదనుకుంటాను. వేడి పెట్టె లోపలే పుడుతుందన్న మాట వదిలి, వేడి ఎక్కడి నుంచి వస్తుందని గది అంతా చూశాడు. గోడ మీద చేయి పెట్టాడు. గోడ వేడిగా ఉంది.

తప్పు అక్కడ మొదలైంది. ఆయన పొద్దున స్విచ్ వేసే వేళ, అమ్మ పొయ్యి ముట్టించే వేళ ఒకటే. రెండూ కలిసి మొదలవుతాయి, ఈల దిగుతుంది. అమ్మ ఊరికి పోయిన రోజు పొయ్యి వెలగలేదు, ఆ రోజు ఆయన సెట్ కూడా పెట్టలేదు, ఎందుకంటే కాఫీ ఇచ్చేవాళ్ళు లేరు. ఈ చిన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఒక పొద్దున సంగటి తింటూ చెప్పాడు.

"పొయ్యి ముట్టిస్తానే జరగతా ఉంది. గోడ వేడే దానికి కారణం. పొయ్యి ఈడ వద్దు."

అమ్మ గరిటె కడిగి బోర్లించి అడిగింది. "బల్ల ఆ పక్క గోడకు జరపరాదా?"

"యాంటెన్నా వైరు ఈ గోడకే దిగతాది. ఎర్తు ఈడనే పాతినాను. బల్ల జరిపితే అంతా మళ్ళా మొదట్నించి చేయాల."

"సరి" అంది అమ్మ. ఆ మాట మా వైపు చాలా చోట్ల వాడతారు. ఒప్పుకున్నామనే కాదు, ఇక మాట్లాడి ఉపయోగం లేదనీ అర్థం.

కూలివాళ్ళు వచ్చి పొయ్యి పగలగొట్టారు. దొడ్లో పశువుల కొట్టం పక్కన నాలుగు రాళ్ళు పాతి రేకులు వేశారు. ఆ వైపు గాలి విపరీతం కాబట్టి మూడు పక్కలా రేకులే కట్టారు. నాలుగో పక్క నుంచి అమ్మ వంగి లోపలికి పోవాలి. ఆ రోజు పనుల హడావిడిలో నాయన తెల్లవారుజామున వేసిన స్విచ్ వేసినట్టే ఉండిపోయింది. సాయంత్రం వచ్చి కూర్చునేసరికి సెట్ పూర్తిగా వేడెక్కి, ఇక కదలడానికి ఏమీ మిగలక, ఒక తీరుగా నిలబడి ఉంది. ఈల దిగలేదు. ఆయన మైకు పట్టుకుని మునిరత్నాన్ని పిలిచాడు. దొరికింది, వంటిల్లు తీసేసినాను అన్నాడు. ఎవరో అరవంలో మెచ్చుకున్నారు, ఇంకెవరో తన భార్య అయితే ఒప్పుకోదన్నారు. అమ్మ అప్పుడు దొడ్లో కొత్త పొయ్యి దగ్గర ఊదుగొట్టం పట్టుకుని ఉంది. ఈ మాటలేవీ ఆమెకు వినబడలేదు. అవ్వ చల్లబడిన గోడకు వీపు పెట్టి చూసి, వెంటనే లేచి, "గోడను చంపినావు కదరా" అంది.

మర్నాడు మళ్ళీ జరిగింది. తగ్గింది కదా అన్నాడు నాయన. నిజానికి తగ్గలేదు, నేను విన్నాను. కానీ నెట్‌లో చెప్పేసిన మాట, పగలగొట్టేసిన పొయ్యి. అమ్మ ఇక "జరిగిందా" అని అడగలేదు. దొడ్లో నుంచి అడిగితే ఇంట్లోకి వినబడదు. పాత వంటింట్లో నాయన బ్యాటరీలు పెట్టుకున్నాడు, తర్వాత వైర్ల చుట్టలు, తర్వాత ఇంకొక బల్ల. వానాకాలంలో అమ్మ సంగటి తప్పేలాను కొంగు కింద దాచుకుని దొడ్డి దాటి వచ్చేది. ముద్ద మీద చినుకులు పడితే ఆ ముద్ద తను పెట్టుకునేది. రేకుల కింద పొగ పోవడానికి దారి లేదు. ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఏడ్చిందేమో అని పక్కింటివాళ్ళు అడిగితే, పొగ అనేది. తర్వాత్తర్వాత నిజంగా ఏడ్చినప్పుడూ అదే చెప్పేది. గ్యాస్ వచ్చాక ఆ పొయ్యి కూడా రేకుల కిందకే పోయింది, ఎందుకంటే పాత వంటింట్లో చోటు లేదు. గ్యాస్ మీద కాఫీ, కట్టెల మీద సంగటి, నీళ్ళు.

నేను హొసూరులో తెలుగు టీచరునయ్యాను, పెళ్ళయింది, ఇక్కడే ఉండిపోయాను. అమ్మ దగ్గు అప్పటికే మొదలైంది. చాలా ఏళ్ళు అది దగ్గుగానే ఉంది. తర్వాత నాలుగు అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే లైటు మీద పెట్టి, కట్టెల పొయ్యి మీద వండేవాళ్ళా అని అడిగాడు. అమ్మ జవాబు చెప్పేలోపల నాయన చెప్పాడు. "బయటనే వండేది సార్. గాలి బాగా ఆడతాది." అమ్మ నా వైపు చూసింది. ఆ చూపును నేను అప్పుడు ఊరికే అలసట అనుకున్నాను. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు.

సభ అయ్యాక మునిరత్నం చిన్నాయన ఇంటికి పోయాం. నాయన చివరి ఏళ్ళు హొసూరులో నా దగ్గరే ఉన్నాడు. అపార్ట్‌మెంట్ వాళ్ళు తీగ కట్టడానికి ఒప్పుకోలేదు కాబట్టి సెట్ చిన్నాయన దగ్గర ఉంది. దాన్ని క్లబ్బు గదిలో అద్దాల బీరువాలో పెడతారట. పక్కన పెట్టే అట్ట మీద రెండు వాక్యాలు నన్ను రాయమన్నారు. రాసే ముందు ఒకసారి వేసి చూపించు చిన్నాయనా అన్నాను. ఆయన పక్కన ఇంకొక రేడియో పెట్టి ఈల కలిపాడు. పల్లె వదిలాక ఆ ఈల వినడం అదే మొదటిసారి. దిగుతుందని ఎదురుచూశాను. పిన్నమ్మ కాఫీ తెచ్చింది, కాఫీ చల్లారింది, కప్పులు తీసుకుపోయింది. ఈల దిగలేదు. చిన్నాయన సంతోషంగా నా ముఖం చూస్తున్నాడు. మూత తీయమన్నాను. బోర్డు తిప్పమన్నాను. కింది వైపు, వేడెక్కే భాగానికి దగ్గరగా, మిగతా వాటితో పోలిక లేని కెపాసిటర్ ఒకటి ఉంది, గాజులాగా మెరుస్తూ. దాని కాళ్ళ దగ్గర అతుకు నాయనదే. ఆయన సీసం ఎప్పుడూ కొంచెం ఎక్కువ వేసేవాడు.

"ఇది ఎప్పుడు వేసినారు?"

"నీ పెండ్లయిన ఏడు. ఆఫీసులో పారేసిన పాత బోర్డు నుంచి నేనే పీకి తెచ్చినాను. ముందు ఆడ సిరామిక్‌ది ఉండె. కొంచెం వేడి తగిల్తే చాలు, కొలత మారిపోతా ఉండె. అన్నా, ఒకసారి బోర్డు తిప్పి చూడు అని ఎన్నిసార్లో చెప్తిని. ఆ రోజుకు విన్నాడు."

"అంటే గోడ వల్ల కాదు."

చిన్నాయన ముఖంలో సంతోషం పోయింది. ఆయన మర్చిపోయినట్టున్నాడు. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, "గోడ వల్ల కాదమ్మా" అన్నాడు.

"నాయన ఏమన్నాడు?"

"పీకిన సిరామిక్‌ది చేతిలో తిప్పి చూసినాడు. మళ్ళా, నెట్‌లో చెప్పొద్దు మునిరత్నం అన్నాడు. సరి అన్నా అంటిని."

అమ్మకు తెలియదన్న మాట, అనుకున్నాను. ఆ ఒక్కటైనా మిగిలింది అనుకుని, నిర్ధారణ కోసం అడిగాను. అమ్మకు చెప్పలేదు కదా అన్నాను.

"వదినకు చెప్పేదేముంది. ఆ పొద్దు కరెంటు లేదు. ఐరన్‌ను బ్యాటరీకి కట్టుకున్నాము. టార్చి పట్టుకొని నిలబడింది వదినే కదా." ఆయన ఈల వస్తున్న రేడియో వాల్యూమ్ తగ్గించాడు. "పని అయినంక ఈల పెట్టి విన్నాము. వదిన కూడా వినింది. ఇంక జరగదా అని అడిగింది. ఇంక జరగదు అన్నాడు అన్న. సరి అని టార్చి ఆర్పేసి, దొడ్లోకి పోయి మాకు కాఫీ పెట్టుకొని వచ్చింది."

అంతే. నా పెళ్ళయిన ఏడు. దాని తర్వాత ఆమె ఎన్ని వానాకాలాలు ఆ దొడ్డి దాటిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి మానుకున్నాను. పగలగొట్టిన పొయ్యిని మళ్ళీ కట్టడానికి ఒక పూట పని. అంత మట్టి దొడ్లోనే ఉంది. నాయన చెడ్డవాడు కాదు. వానలో, వరదలో ఎవరెవరి కబుర్లో ఎవరెవరికో చేర్చాడు, సభలో అవన్నీ చెప్పారు, అవి నిజాలే. ఒక పూట ఒక గోడ ముందు నిలబడి, నేను పొరపాటు పడ్డాను అనలేకపోయాడు. పొయ్యి మళ్ళీ కట్టమని అమ్మ అడగలేదు. అడిగితే బాగుండేదని ఇన్నాళ్ళ తర్వాత నేను అనుకోవడం సులభం. నిజానికి ఆమె అడిగింది, ఆమెకు తెలిసిన మాటల్లో, టార్చి చేతిలో పట్టుకుని. ఆయన సెట్ గురించి జవాబు చెప్పాడు.

ఇప్పుడు నా వంటింట్లో పొయ్యి అనే వస్తువే లేదు. నల్లటి అద్దపు పలక మీద గిన్నె పెడితే నీళ్ళు కాగుతాయి, గిన్నె పక్కన పలక మీద చేయి పెడితే కాలనైనా కాలదు. నాయన చివరి రోజుల్లో హాల్లో టీవీ వదిలేసి వచ్చి నా వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. గంటలకొద్దీ నేను వండటం చూసేవాడు. ఒకసారి, "ఈడ పొగే లేదు కదమ్మా" అన్నాడు. కొత్త వస్తువును మెచ్చుకుంటున్నాడనుకుని, దాని గుణాలు చెప్పాను. ఆయన విని, లేచి హాల్లోకి పోయాడు. ఆ రోజు ఆయన చెప్పాలనుకున్నది అమ్మ పొయ్యి గురించేనేమో నాకు తెలియదు. అయినా, చెప్పవలసింది నాకు కాదు.

చిన్నాయన అట్ట, పెన్ను నా ముందు పెట్టాడు. నాయన పేరు, ఊరి పేరు, సొంత చేతులతో తయారు చేసిన సెట్ అని రాశాను. కింద ఇంకొక వాక్యం రాశాను. "ఇది కదిలింది గోడ వల్ల కాదు." ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, మళ్ళీ చదివాడు.

"ఇది చదివితే ఎవురికి అర్థమౌతుందమ్మా?"

"అర్థం కావలసినవాళ్ళు ఇద్దరూ లేరు చిన్నాయనా."

ఆయన అట్ట చొక్కా జేబులో పెట్టుకుని, సెట్ స్విచ్ ఆపాడు. దాని మూత మీద చేయి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అవ్వ ఆనుకుని కూర్చున్న గోడ అంత.